మిద్దె బరువు, మంజీర నీరు, ఇనుప పెట్టెలో కాగితాలు: నాందేడ్ సరిహద్దు పల్లెల్లో ఇంటిని ఆపదకు సిద్ధం చేసుకోవడం

మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దున ఉన్న నాందేడ్ జిల్లాలోని దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్ తాలూకాల తెలుగు పల్లెలకు తుఫాను అంటే టీవీలో చూసే సంగతే. సముద్రం వందల కిలోమీటర్ల దూరాన ఉంది, చరియలు విరిగిపడేంత కొండలు లేవు, భూకంపాల పటంలోనూ మన ప్రాంతం పెద్ద ప్రమాదమున్న మండలాల్లో లేదు. ఇది నిజంగా అదృష్టమే. అయితే ఆపద ఎప్పుడో గాని రాని చోట ఎవరూ దాన్ని తలచుకుని ఇల్లు కట్టుకోరు కాబట్టి, వచ్చిన ఆ ఒక్కసారే కోలుకోలేని దెబ్బ తగులుతుంది. పక్కనున్న లాతూర్ జిల్లాలో 1993 సెప్టెంబర్ 30న జరిగింది అదే. వినాయక నిమజ్జనం ముగించుకుని ఊళ్ళన్నీ నిద్రపోతున్న వేళ, తెల్లవారుజామున 4 గంటలకు కాస్త ముందు, కిల్లారి చుట్టుపక్కల భూమి కంపించి సుమారు 10 వేల మంది చనిపోయారు. అప్పటి పటంలో ఆ ప్రాంతం అన్నింటికంటే తక్కువ ప్రమాదమున్న ఒకటో మండలంలో ఉండేది. అంతమందిని బలిగొన్నది మట్టితో పేర్చిన రాతి గోడలు, వాటిపై మోయలేని మట్టి మిద్దెలు. అటువంటి మిద్దెల కింద మన పల్లెల్లో నేటికీ ఎన్నో కుటుంబాలు నిద్రపోతున్నాయి కాబట్టి, సిద్ధపడే పని ఇంటి పైకప్పు నుంచే మొదలుపెట్టాలి.

ముందుగా మిద్దె మీద ఎంత మట్టి ఉందో కొలవండి. ఎండాకాలంలో, మట్టి పూర్తిగా ఎండి ఉన్నప్పుడు, దూలం లేని చోట సన్నని ఇనుప చువ్వను మెల్లగా దించి, కింద చెక్కకు తగలగానే ఆపి గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది. మా పాత ఇంటి మీద నేను కొలిచినప్పుడు చువ్వ మూరెడు లోతుకు దిగింది. తాతల నాటి నుంచి ఏటా వానలకు ముందు మిద్దె కురిసే చోట్లు పూడ్చడానికి మళ్ళీ మళ్ళీ చౌడు మట్టి పోశారే గాని, పాత పొరను ఎవరూ తీయలేదు. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు ఉన్న ఒక్క గది మీద అడుగు మందం మట్టి ఉంటే దాని బరువు 5 టన్నులు దాటుతుంది, వానకు నానితే ఇంకా పెరుగుతుంది. ఆ బరువు కింద మన పిల్లలు పడుకుంటున్నారని తెలిశాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మట్టిని జానెడు మందానికి తగ్గించి, దాని కింద మందమైన ప్లాస్టిక్ పట్టా పరిచి, నీరు బయటికి పోయే తూముల వైపు జారేలా వాలు పెట్టి మళ్ళీ అలికితే, బరువూ తగ్గుతుంది, ఏటా మట్టి పోసే అవసరమూ తప్పుతుంది. ఈ పని చేసేటప్పుడు తీసిన మట్టిని మిద్దె మీదే ఒక మూలకు కుప్ప పోయకూడదు, ఎప్పటికప్పుడు కిందికి దించాలి, ఆ సమయంలో కింది గదిలో ఎవరూ ఉండకూడదు. మట్టి తీసినప్పుడు దూలాల చివర్లు బయటపడతాయి. గోడలో దూరి ఉన్న ఆ చివర్లే ముందుగా చెదలు పట్టి పుచ్చిపోతాయి గనుక, గోరుతో నొక్కితే పొడి రాలే దూలాన్ని మార్చే దాకా మిద్దెను తిరిగి కప్పవద్దు.

ఇక గోడలు. రెండు, రెండున్నర అడుగుల మందమున్న పాత రాతి గోడ చూడడానికి కోటగోడలా కనిపిస్తుంది గాని, నిజానికి అది రెండు పలుచని గోడలు: బయట ఒక వరుస, లోపల ఒక వరుస, నడుమ మట్టి, చిన్న రాళ్ళు. భూమి ఊగినప్పుడు ఈ రెండు వరుసలు విడిపోయి, చెరోవైపు ఉబ్బి కూలుతాయి. గోడను పక్క నుంచి, సాయంత్రపు ఏటవాలు ఎండలో చూస్తే ఉబ్బు స్పష్టంగా తెలుస్తుంది. కొత్తగా కట్టేవారు గోడ ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పట్టే పొడవాటి రాళ్ళను నిలువునా 2 అడుగులకు ఒకటి, అడ్డంగా 4 అడుగులకు ఒకటి చొప్పున పెట్టమని మేస్త్రీని అడగాలి. పాత గోడకైతే అక్కడక్కడ జాగ్రత్తగా రాళ్ళు తీసి ఆరపార రంధ్రం చేసి, రెండు చివర్లా కొక్కెంలా వంచిన ఇనుప చువ్వ పెట్టి కాంక్రీటుతో నింపితే రెండు వరుసలకూ ముడి పడుతుంది. కిల్లారి తర్వాత మరాఠ్వాడాలో పాత ఇళ్ళను బలపరచడానికి ఇంజనీర్లు సూచించిన పద్ధతి ఇదే. రంధ్రాలను ఒకేసారి అన్నీ తవ్వకుండా, ఒకటి నింపి గట్టిపడ్డాక మరొకటి తవ్వాలి. ఇంత ఖర్చు ఈ ఏడాది కుదరకపోతే, కనీసం మంచాలను ఉబ్బిన గోడకు దూరంగా జరిపి, తలవైపు అటక మీదున్న ఇత్తడి గుండిగలు, ధాన్యం డబ్బాలు కింద పెట్టండి. దీనికి రూపాయి ఖర్చు లేదు.

2024 మార్చి 21 ఉదయం హింగోలి జిల్లాలో కేంద్రంగా భూమి కంపించినప్పుడు నాందేడ్‌లోనూ తెలిసింది. అటువంటి సమయంలో రాతి ఇంట్లో ఉండి, తలుపు రెండు మూడు అడుగుల దూరంలోనే ఉంటే వెంటనే ఆరుబయటికి వెళ్ళాలి, లేకపోతే గట్టి మంచం కిందో బల్ల కిందో దూరి తల కాపాడుకోవాలి. బయటికి వచ్చినవారు గోడ నీడన, ఇరుకు సందులో నిలబడకూడదు.

నీటి విషయానికి వస్తే, సరిహద్దు వాసులం మనం ఒక పొరపాటు చేస్తుంటాం. తెలుగు ఛానళ్ళు చూసేవారికి నిజామాబాద్, కామారెడ్డి హెచ్చరికలు తెలుస్తాయి గాని నాందేడ్ హెచ్చరిక తెలియదు, మరాఠీ వార్తలు మాత్రమే చూసేవారికి దీనికి తలకిందులు. మనకు రెండూ కావాలి. ఎందుకంటే మంజీర నీరు తెలంగాణలోని నిజాంసాగర్ గేట్లు ఎత్తినప్పుడు దెగ్లూరు, బిలోలి ఒడ్డుకు వస్తుంది, గోదావరి నీరు నాందేడ్ పక్కనున్న విష్ణుపురి ఆనకట్ట నుంచి ధర్మాబాద్ వైపు వస్తుంది, రెండూ కందకుర్తి దగ్గర కలుస్తాయి. వానాకాలంలో ధర్మాబాద్ తాలూకాలో గోదావరి మీదున్న బాబ్లీ బ్యారేజీ ఏదో ఆపుతుందని ఆశ పెట్టుకోవద్దు. సుప్రీంకోర్టు 2013 తీర్పు ప్రకారం జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా దాని గేట్లు ఎత్తే ఉంచుతారు. దిగువన తెలంగాణలోని శ్రీరాంసాగర్ జలాశయం 1,091 అడుగుల పూర్తి మట్టానికి చేరువగా ఉంటే వెనుక జలాలు పొలాల్లోకి ఎదురు వస్తాయి. కాబట్టి నది ఒడ్డున మోటార్లు ఉన్నవారు నిజాంసాగర్, విష్ణుపురి, శ్రీరాంసాగర్ మూడింటి సంగతీ తెలుసుకుంటూ ఉండాలి. కేంద్ర ప్రభుత్వం విపత్తు హెచ్చరికలు పంపే సచేత్ యాప్‌ను ఇంట్లో ఒక్కరి ఫోన్‌లోనైనా పెట్టుకుని, రెండు రాష్ట్రాల జిల్లాలనూ అందులో చూస్తూ ఉంటే చాలావరకు ఈ లోటు తీరుతుంది.

పెద్ద నది కంటే ఊరి ఒర్రెలే ఎక్కువ ప్రాణాలు తీసేవని నా నమ్మకం, ఎందుకంటే వాటికి ఎవరూ హెచ్చరిక ఇవ్వరు. కల్వర్టు మీద అడుగు లోతు నీరు వేగంగా పారుతుంటే మోటారు సైకిల్ నిలవదు, 2 అడుగులు పారితే కారు కూడా కొట్టుకుపోతుంది. కల్వర్టు పక్క రాయి మీద ఎర్ర రంగుతో గీత గీసి, నీరు ఆ గీతను ముట్టాక ఎవరూ దాటకూడదని ఊరంతా కట్టుబాటు పెట్టుకుంటే మేలు. ఊరి శాంతిభద్రతలు చూసే పోలీస్ పాటిల్‌తో చెప్పించిన మాటకు బరువు ఉంటుంది.

పిడుగుల కాలం రెండు: వానలకు ముందు మే, జూన్ నెలలు, మళ్ళీ వానలు వెనుదిరిగే సెప్టెంబర్, అక్టోబర్. సోయా కోతల సమయంలో జనం చేలల్లోనే ఉంటారు. మెరుపుకూ ఉరుముకూ నడుమ 30 లెక్కించేలోపే ఉరుము వినిపిస్తే పని ఆపి పక్కా ఇంట్లోకి వెళ్ళాలి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. ఒంటరి చెట్టు కిందికి పోవద్దు. దామిని యాప్ చుట్టుపక్కల 20 నుంచి 40 కిలోమీటర్లలో పడుతున్న పిడుగులను చూపిస్తుంది. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందన్నది తప్పు. ఊపిరి ఆగితే వెంటనే ఛాతీ నొక్కుతూ 108కి కబురు చేయాలి.

నష్టం జరిగాక సాయం అందడం, అందకపోవడం చాలావరకు కాగితాల మీద ఆధారపడి ఉంటుంది. సాత్ బారా (పొలం హక్కు కాగితం), ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ నకళ్ళను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, చిన్న ఇనుప పెట్టెలో, నీరు చేరని ఎత్తులో, తలుపుకు దగ్గరగా ఉంచండి. అంతకంటే ముందు, అన్నింటిలోనూ పేరు ఒకటే ఉందో లేదో చూడండి. మనలో చాలామందికి ఒక కాగితంలో ఇంటిపేరు ముందు ఉంటుంది, మరొకదానిలో మరాఠీ పద్ధతిలో తండ్రి పేరు నడుమ, ఇంటిపేరు చివర ఉంటుంది. ఈ ఒక్క తేడాతో మా బంధువుల ఇంట పంట నష్టపు సొమ్ము నెలల తరబడి ఖాతాలో పడలేదు. ప్రతి పంట కాలంలోనూ మహారాష్ట్ర ప్రభుత్వపు ఈ-పీక్ పహాణీ యాప్‌లో పంట నమోదు చేయడం మరవద్దు. పొలం మునిగినా, వడగళ్ళు పడినా, గోడ కూలినా, శుభ్రం చేసేముందే తేదీ కనిపించేలా ఫొటోలు తీసి, తలాఠీని (గ్రామ రెవెన్యూ అధికారిని) పిలిచి పంచనామా రాయించుకోవాలి. మరాఠీలో రాసింది చదవడం రాకపోతే, చదివించి విన్నాకే సంతకం పెట్టండి.

చివరగా ఫోన్ సంగతి. సరిహద్దులో మన ఫోన్ అవతలి రాష్ట్రపు టవర్‌ను పట్టుకుంటే అత్యవసర నంబర్లు 112, 108, 1077కు చేసే కాల్ తెలంగాణ కేంద్రానికి వెళ్ళే అవకాశం ఉంది. అందుచేత ఎవరు ఎత్తినా మొదట రాష్ట్రం, జిల్లా, తాలూకా, ఊరి పేరు చెప్పి, ఆ తర్వాతే ఆపద సంగతి చెప్పడం పిల్లలకు సైతం నేర్పాలి. నాందేడ్ జిల్లా కంట్రోల్ రూమ్ పూర్తి నంబరును 02462 కోడ్‌తో సహా తలాఠీ దగ్గర తీసుకుని, తలాఠీ, పోలీస్ పాటిల్, లైన్‌మన్ నంబర్లతో కలిపి, వంటింటి తలుపు వెనుక సున్నపు గోడ మీద చదువు రాని పెద్దవారూ గుర్తుపట్టేంత పెద్ద అంకెల్లో రాయించండి.