విదేశీ పాస్‌పోర్టుతో గోదావరి డెల్టాలో ఇల్లు కొనాలంటే డబ్బు ఎలా పంపాలి?

అమెరికా పౌరసత్వం వచ్చాక కూడా అమలాపురంలోనో భీమవరంలోనో తణుకులోనో సొంతిల్లు ఉండాలనుకునేవాళ్లు మన డెల్టాలో ఏ ఊరికి వెళ్లినా కనిపిస్తారు. చట్టం దీనికి అడ్డు చెప్పదు. డబ్బు ఏ దారిలో వచ్చిందన్నది మాత్రం గట్టిగా చూస్తుంది. మనవాళ్లు ఎక్కువగా చేసేదేమిటంటే, నాన్నగారి ఖాతాలోకో అన్నయ్య ఖాతాలోకో డబ్బు వేసి "మీరే చూసి కొనేయండి" అనడం. కొనేటప్పుడు సులువుగానే అయిపోతుంది. రేపు ఆ ఇల్లు అమ్మి డబ్బు వెనక్కి తీసుకెళ్లాలన్నప్పుడే చిక్కు మొదలవుతుంది. కాబట్టి అక్కడ మీ పేరున ఉన్న ఖాతా నుంచి ఇక్కడ మీ పేరున ఉన్న ఖాతాకి, దాని నుంచి అమ్మేవాళ్ల ఖాతాకి డబ్బు వెళ్లాలి. ఈ వరుస తప్పకుండా చూసుకుంటే మిగతా పనులన్నీ ఓపికతో అయిపోయేవే.

మొదట, కొనే హక్కు ఉందో లేదో చూసుకోండి

భారత పాస్‌పోర్టుతో కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉంటే మీరు ఎన్నారై. వేరే దేశం పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉంటే మీరు విదేశీయులే, కానీ ఆస్తి కొనే విషయంలో ఎన్నారైలతో సమానం. ఇల్లు, ఫ్లాటు, షాపు, ఇళ్ల స్థలం కొనుక్కోవడానికి రిజర్వు బ్యాంకు అనుమతి అక్కర్లేదు. వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్, తోటల భూమి మాత్రం కొనకూడదు. భారతీయ మూలాలు లేకుండా బయటి దేశంలో ఉండేవాళ్లు అసలు కొనలేరు. వాళ్లు అయిదేళ్లకు మించని లీజుకు మాత్రం తీసుకోవచ్చు.

మన దగ్గర జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే. ఊరు దాటితే చేలు, కొబ్బరితోటలు, రొయ్యల చెరువులు. "రోడ్డు పక్క బిట్టండి, రేపో మాపో లేఅవుట్ అయిపోతుంది" అని చూపించే పది సెంట్లు అడంగల్‌లో (ఊరి భూముల రికార్డులో) ఇంకా మాగాణిగానే ఉండొచ్చు. రేపు మారుతుందన్న మాట నమ్మి ఓసీఐ ఉన్నవాళ్లు అడ్వాన్సు ఇవ్వకూడదు. అడంగల్, 1బి (భూమి ఎవరి పేరున ఉందో చూపే రికార్డు), గతంలో వ్యవసాయేతర భూమిగా మార్చి ఉంటే ఆ కాగితం, లేఅవుట్ అప్రూవల్ అన్నీ మీరే చూడండి. కొత్త అపార్ట్‌మెంట్ అయితే ఏపీ రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నంబరు ఉందేమో చూడండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) తీయండి, సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో, లేదని తేల్చుకోండి. నాన్నగారి చేను మీకు వారసత్వంగా రావడం వేరే సంగతి, దానికి అభ్యంతరం లేదు.

తర్వాత ఖాతాలు, పేర్లు

పాన్ కార్డు తప్పనిసరి. బయటి సంపాదన కోసం ఎన్‌ఆర్‌ఈ ఖాతా, ఇక్కడి అద్దెలు, ఇతర ఆదాయం కోసం ఎన్‌ఆర్‌ఓ ఖాతా తెరవండి. చదువుకునే రోజుల్లో తెరిచిన మామూలు సేవింగ్స్ ఖాతా ఇంకా నడుస్తుంటే దాన్ని ఎన్‌ఆర్‌ఓగా మార్పించాలి. ఇల్లు కొనే డబ్బు ఎన్‌ఆర్‌ఈలోకి రావడమే మంచిది.

మన పేర్లతో వచ్చే ఇబ్బంది ఒకటుంది. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, విదేశీ పాస్‌పోర్టులో చివరికి పోతుంది, పాత బ్యాంకు పుస్తకంలో ఒక్క అక్షరమే ఉంటుంది. పేరు కలవలేదని బ్యాంకు డబ్బు ఆపేసిందంటే, అటు రిజిస్ట్రేషన్ తేదీ దగ్గర పడుతుంటే, ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. ఇల్లు వెతకడం మొదలుపెట్టినప్పుడే పేర్లన్నీ ఒకేలా చేయించుకోండి.

ఇప్పుడు డబ్బు పంపడం

ఎంత కావాలో ముందు లెక్క వేసుకోండి. కట్టడం పూర్తయిన 60 లక్షల ఫ్లాటు అనుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, కలిపి 7.5 శాతం. అంటే 4.5 లక్షలు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవాళ్లకిచ్చే దాంట్లో 1 శాతం, ఇక్కడ 60 వేలు, టీడీఎస్‌గా పట్టుకుని మీరే ఆదాయపు పన్ను శాఖకు కట్టాలి. మొత్తం 64.5 లక్షలు, పైన చిన్న ఖర్చులు. ఇంకా కడుతున్న ఫ్లాటైతే జీఎస్టీ కూడా ఉంటుంది. అమ్మేవాళ్లు కూడా బయటి దేశంలోనే ఉంటున్నారా అని తప్పక అడగండి. వాళ్లు ఎన్నారైలైతే ఈ 1 శాతం లెక్క చెల్లదు, చాలా ఎక్కువ పట్టాలి. తక్కువ పడితే బాధ్యత కొన్నవాళ్లదే. అప్పుడు చార్టర్డ్ అకౌంటెంట్ లేకుండా అడుగు వేయొద్దు.

పంపేటప్పుడు ఫీజు కంటే రేటు ముఖ్యం. "ఫీజు లేదు" అని చెప్పి డాలరుకు అర్ధరూపాయి తక్కువ ఇస్తే 75 వేల డాలర్ల మీద 37,500 రూపాయలు పోయినట్టే. రెండు మూడు చోట్ల అడిగి, చివరికి ఖాతాలో ఎన్ని రూపాయలు పడతాయన్నది పోల్చండి. ముందు చిన్న మొత్తం పంపి, అది సరిగ్గా పడ్డాకే పెద్ద మొత్తం పంపండి. డబ్బు ఎందుకు పంపుతున్నారో చెప్పే పర్పస్ కోడ్ దగ్గర కుటుంబ పోషణ అని పెట్టేయకండి, ఆస్తి కొనుగోలు అని బ్యాంకుకు స్పష్టంగా చెప్పండి. డబ్బు ఎక్కడిదని రెండు వైపులా అడుగుతారు, జీతం స్లిప్పులు, పన్ను రిటర్నులు దగ్గర ఉంచుకోండి. అమెరికాలో 2026 జనవరి నుంచి నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్ చెక్కు ఇచ్చి పంపేవాటి మీద 1 శాతం పన్ను ఉంది. బ్యాంకు ఖాతా నుంచి పంపితే అది పడదు. అమెరికాకు బయట ఉన్న మీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10 వేల డాలర్లు దాటితే అక్కడి ప్రభుత్వానికి ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల నివేదిక) దాఖలు చేయాలి, ఎన్‌ఆర్‌ఈ ఖాతా కూడా అందులోకే వస్తుంది.

హవాలా జోలికి వెళ్లొద్దు. అలాగే "సగం వైట్, సగం బ్లాక్" అనే బేరం ఒప్పుకోవద్దు. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నవాళ్లకు అంతే మొత్తం జరిమానా పడుతుంది. మీరిచ్చిన నగదుకు ఏ రుజువూ ఉండదు. అలాంటి బేరం ఎంత చవకగా కనిపించినా వదులుకోమనే నా సలహా.

సంక్రాంతికి వచ్చినప్పుడు రిజిస్ట్రేషన్ పెట్టుకునేవాళ్లు పండగ సెలవులు, రెండో నాలుగో శనివారాలు లెక్కలోకి తీసుకుని కనీసం రెండు వారాల ముందే డబ్బు ఎన్‌ఆర్‌ఈలో ఉండేలా చూసుకోవాలి.

మీరు రాలేకపోతే

మీరు నమ్మే ఒకరికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వొచ్చు. ఆస్తులన్నిటికీ కలిపి కాకుండా ఈ ఒక్క ఫ్లాటు కొనడానికే రాయించండి. భారత కాన్సులేట్‌లో గానీ, నోటరీ చేయించి అపోస్టిల్‌తో (ఆ దేశ ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్రతో) గానీ ఇండియాకు పంపాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. బావగారైనా బాబాయిగారైనా సంతకం మాత్రమే వారిది, డబ్బు మీ ఖాతా నుంచే కదలాలి.

దాచాల్సిన కాగితాలు

డబ్బు పంపిన ప్రతిసారీ బ్యాంకు నుంచి ఎఫ్‌ఐఆర్‌సీ (బయటి దేశం నుంచి డబ్బు వచ్చిందనే ధ్రువపత్రం) అడిగి తీసుకోండి. ఎన్‌ఆర్‌ఈ స్టేట్‌మెంట్, అమ్మేవాళ్లకు వెళ్లిన ఆర్‌టీజీఎస్ వివరాలు, టీడీఎస్ రసీదు, అసలు దస్తావేజు ఒకే ఫైల్లో పెట్టండి. రేపు అమ్మినప్పుడు, ఇలా కొన్న ఇల్లయితే బయటి నుంచి తెచ్చి కట్టిన మొత్తం వరకు వెనక్కి పంపుకోవచ్చు. ఈ సౌకర్యం రెండు ఇళ్లకే. మిగిలిన లాభం ఎన్‌ఆర్‌ఓలో పడుతుంది, పన్ను కట్టి, చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్‌తో ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్ల దాకా బయటికి పంపొచ్చు.