"ఎక్కడైనా పనిచేశావా?" అని అడుగుతున్నారా? టెక్ కంపెనీలో అప్రెంటిస్‌గా చేరడం ఎలా?

అమీర్‌పేటలో హాస్టల్ ఫీజు, కోర్సు ఫీజు కట్టి ఆరు నెలలు కూర్చున్నా ఇంటర్వ్యూలో ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "ఎక్కడైనా పనిచేశావా?" డిప్లొమా అయిన ఏడాది నేనూ అక్కడే ఆగిపోయాను. చివరికి ఓ కంపెనీ ఐటీ విభాగంలో అప్రెంటిస్‌గా, అంటే ఏడాదిపాటు పనిచేస్తూ నేర్చుకునే ట్రైనీగా, చేరాను. కోర్సుకైతే మనం కట్టాలి, ఇక్కడ వాళ్లే మనకు స్టైపెండ్ ఇస్తారు. అయినా అప్రెంటిస్ అనగానే మనవాళ్లకు ఐటీఐ ఫిట్టర్, రైల్వే వర్క్‌షాపే గుర్తొస్తాయి. కంప్యూటర్లు చదివినవాళ్లకూ ఈ దారి ఉంది. చేరడం అంత కష్టం కాదు గానీ, ఆ ఏడాదిని వృథా పోనీయకుండా చూసుకోవడం కష్టం.

1. మీది ఏ పోర్టలో తేల్చుకోండి

అన్నిటికీ మూలం 1961 నాటి అప్రెంటిసెస్ చట్టమే. డిప్లొమా, బీటెక్, డిగ్రీ పాసైనవాళ్లు కేంద్ర విద్యాశాఖ నడిపే నాట్స్ (నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్) పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. మన రెండు రాష్ట్రాల బాధ్యత చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డుది. పాసై ఐదేళ్లు దాటకూడదు, అప్పటికే ఏడాది ఉద్యోగం చేసి ఉండకూడదు. ఐటీఐ, పదో తరగతి, ఇంటర్ వాళ్లకు 2016లో మొదలైన నాప్స్ (నేషనల్ అప్రెంటిస్‌షిప్ ప్రమోషన్ స్కీమ్) ఉంది. ఐటీఐలో కోపా, అంటే కంప్యూటర్ ఆపరేటర్ అండ్ ప్రోగ్రామింగ్ అసిస్టెంట్, చేసినవాళ్లకు ఇదే దారి. రెండు చోట్లా నమోదు ఉచితం. మధ్యలో ఎవరైనా "రిజిస్ట్రేషన్ చార్జీ" అంటే ఫోన్ పెట్టేయండి.

2. ముందు పేరు, తర్వాత ఖాతా

ఎక్కువ దరఖాస్తులు ఇక్కడే ఇరుక్కుంటాయి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే. లేదా "లక్ష్మి"కి ఇంగ్లిషులో ఒకచోట ఒక ఐ, ఇంకోచోట రెండు ఈలు. మెమో మార్చడం తలనొప్పి, ఆధార్‌ను మెమో ప్రకారం సరిచేయించుకోవడం తేలిక. ఇక ప్రభుత్వం తన వాటా స్టైపెండ్‌ను నేరుగా ఖాతాలో వేస్తుంది. బ్యాంకులో "ఆధార్ లింక్ అయిందా?" అని అడిగితే అయిందనే చెబుతారు. మీరు అడగాల్సింది "ఎన్‌పీసీఐ మ్యాపింగ్ ఈ ఖాతాకే ఉందా?" అని. ఆ రెండూ వేరు: ఆధార్ ఎన్ని ఖాతాలకు లింక్ అయినా, ప్రభుత్వ డబ్బు ఎన్‌పీసీఐ అనే చెల్లింపుల సంస్థ దగ్గర మ్యాప్ అయిన ఒక్క ఖాతాకే వస్తుంది.

3. సాఫ్ట్‌వేర్ కంపెనీల పేర్లే వెతకొద్దు

30 మంది లేదా అంతకన్నా ఎక్కువ సిబ్బంది ఉన్న ప్రతి సంస్థా తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని నిబంధన. అంటే ఆస్పత్రులు, ఫ్యాక్టరీలు, బ్యాంకులు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. వాటికీ సర్వర్లు, నెట్‌వర్కులు ఉంటాయి. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ లాంటి ప్రభుత్వ సంస్థలు ఐటీఐ వాళ్లకూ, ఇంజినీరింగ్ వాళ్లకూ నోటిఫికేషన్లు ఇస్తుంటాయి. నా మట్టుకు నాకు పెద్ద పేరున్న చోట మూల కుర్చీ కన్నా ముగ్గురే ఉన్న చిన్న ఐటీ టీమ్ మేలు. అక్కడ ఎవరైనా సెలవు పెడితే పని మీ చేతికొస్తుంది.

4. సంతకానికి ముందు

2019 నిబంధనల్లో నెలకు కనీస స్టైపెండ్ ఐటీఐకి 7,000, డిప్లొమాకు 8,000, డిగ్రీకి 9,000 రూపాయలుగా పెట్టారు. దీన్ని 36 శాతం పెంచాలని 2025లో కేంద్ర అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ సిఫార్సు చేసింది కాబట్టి కాంట్రాక్టులో అంకె చూసుకోండి. ఏ అంకె అయినా హైదరాబాద్‌లో దాంతోనే బతకడం కష్టం. ఇంటి నుంచి వెళ్లివచ్చే చోటు దొరికితే వదులుకోకండి.

కాంట్రాక్టు పోర్టల్‌లో నమోదు కావాల్సిందే. "తర్వాత చేద్దాంలే" అన్నారంటే మీరు అప్రెంటిస్ కాదు, చవగ్గా దొరికిన మనిషి. ఈ చట్టం దృష్టిలో అప్రెంటిస్ శిక్షణలో ఉన్న వ్యక్తి, కార్మికుడు కాదు. ఇన్ని చేస్తే ఇంత అని పీస్ లెక్కన డబ్బులివ్వడం కుదరదు. ఈ చట్టం అమలు చూసే ప్రభుత్వ అధికారి, అంటే అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్, అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. ఏడాది తర్వాత ఉద్యోగం ఇస్తారన్న హామీ మాత్రం చట్టంలో లేదు. కాబట్టి ఇది అడగండి: "పోయినసారి వచ్చిన అప్రెంటిస్‌లు ఏం పని చేశారు? ఎంతమందిని తీసుకున్నారు?" నసిగితే మీకు జవాబు దొరికినట్టే.

5. చేరాక పని లాక్కోవాలి

మొదటి మూడు వారాలు నాతో కంప్యూటర్ల మీద నంబర్ల స్టిక్కర్లు అంటింపజేశారు. నాలుగు వందలకు పైగా. ఏడుపొచ్చింది. ఒకరోజు సీనియర్ అన్న నెట్‌వర్క్ కేబుల్‌కు కనెక్టర్ వేస్తుంటే పక్కన కూర్చుని "నేనొకటి చేయనా అన్నా?" అన్నాను. తీగల రంగుల వరస ఇది: ఆరెంజ్ తెలుపు, ఆరెంజ్, గ్రీన్ తెలుపు, బ్లూ, బ్లూ తెలుపు, గ్రీన్, బ్రౌన్ తెలుపు, బ్రౌన్. ఎనిమిది తీగలూ వరస తప్పకుండా కనెక్టర్‌లోకి తోసి క్రింపర్‌తో నొక్కాలి. మొదటి ఐదూ పాడుచేశాను. ఆరోదానికి టెస్టర్‌లో లైట్లన్నీ వరసగా వెలిగాయి. ఆ తర్వాత ఆ ఫ్లోర్‌లో నెట్ పోతే నన్నే పిలిచేవారు. విచిత్రం ఏమిటంటే, స్టిక్కర్ల పుణ్యాన ఏ మిషన్ ఎక్కడుందో నాకే బాగా తెలుసు.

రోజూ సాయంత్రం ఓ నోట్‌బుక్‌లో నాలుగు లైన్లు రాయండి: ఏం పాడైంది, ఎందుకు, ఎలా బాగైంది, ఎంతసేపు పట్టింది. కంపెనీ పాస్‌వర్డులు, కస్టమర్ వివరాలు అందులో రాయొద్దు.

6. పదో నెలలో

సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగకండి. నాట్స్ వాళ్లకు బోర్డు ప్రొఫిషియెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది, ఐటీఐ ట్రేడుల వాళ్లు పరీక్ష రాసి జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. పదో నెలలోనే మేనేజర్‌ని నేరుగా అడగండి, "సార్, ఇక్కడ ఖాళీ ఉందా, బయట చూసుకోమంటారా?" అని. ఆ రోజే నోట్‌బుక్ ముందేసుకుని రెజ్యూమె రాయండి. "నెట్‌వర్కింగ్ తెలుసు" అని కాదు, "రెండు ఫ్లోర్లలో కేబులింగ్ చేశాను, రోజూ వచ్చే ఫిర్యాదులు చూశాను" అని. నేను ఉద్యోగంలోకి వెళ్లిన ఇంటర్వ్యూలో అడిగింది ఆ కేబుల్ రంగుల వరసే.