ప్లాస్మా వెలుగు, 3వ పాఠం: వాయువా, ద్రవమా?

లేజరు పల్సుతో ఒక పదార్థాన్ని కొట్టి ప్లాస్మాగా, అంటే ఎలక్ట్రాన్లు ఊడిన వేడి వాయువుగా మార్చి, దాని నుంచి 13.5 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న వెలుగు రాబట్టడం మన పని. ఆ పదార్థం వాయువుగా ఉండాలా, ద్రవంగానా అన్నది ఈ పాఠం. ముందు కిందటి లెక్కకు జవాబు. 100 మిల్లీజౌళ్ల లేజరు పల్సు 5 నానోసెకన్లలో, 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వ్యాసమున్న గుండ్రటి చోట పడితే తీవ్రత చదరపు సెంటీమీటరుకు సుమారు 2.5×10¹¹ వాట్లు. పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి జవాబులు పంపినవారిలో కొందరు వ్యాసాన్నే వ్యాసార్ధంగా తీసుకున్నారు. అలా చేస్తే జవాబు నాలుగో వంతుకు పడిపోతుంది.

ఇప్పుడు ఆ పల్సును దేని మీద వేయాలి? జీనాన్ అనే జడవాయువును తీసుకుందాం. పది ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న జీనాన్ అయాను 13.5 నానోమీటర్ల దగ్గర వెలుగునిస్తుంది. ఆ వెలుగును మళ్లించడానికి వాడే మాలిబ్డినం, సిలికాన్ పొరల అద్దాలు సరిగ్గా అక్కడే 70 శాతం దాకా వెలుగును తిప్పి పంపుతాయి. జీనాన్ అసలు జోరు మాత్రం 11 నానోమీటర్ల దగ్గర. మనకు అక్కరలేని చోటే అది ఎక్కువ వెలుగుతుంది.

కాగితం తీయండి. 1.064 మైక్రాన్ల లేజరు ఘన సెంటీమీటరుకు సుమారు 10²¹ ఎలక్ట్రాన్లున్న చోటు వరకే చొరబడగలదు. దీన్ని సందిగ్ధ సాంద్రత అంటారు. సాధారణ పీడనంలో వాయువుకు ఘన సెంటీమీటరులో 2.7×10¹⁹ పరమాణువులు. ఒక్కొక్కటి పది ఎలక్ట్రాన్లిస్తే 2.7×10²⁰. హద్దులో నాలుగో వంతు కొంచెం దాటింది, అంతే. లేజరు శక్తిలో కొంత అవతలికి పోతుంది. ద్రవ జీనాన్‌లో పరమాణువులు సుమారు 1.3×10²², ఎలక్ట్రాన్లు 1.3×10²³. హద్దుకు నూరు రెట్లు పైనే.

మరి వాయువును వదిలేద్దామా? తొందర వద్దు. వాయువుతో తుంపరలు, మసి అద్దాల మీద పేరుకోవు. దాని కష్టం వేరు: నాజిల్ (ధార వెలువడే సన్నని మూతి) దాటగానే పలచబడిపోతుంది. అందుకని లేజరును నాజిల్‌ను ఆనుకునే కొట్టాలి, నాజిల్ అరిగిపోతుంది. పైగా చుట్టూ మిగిలిన చల్లని జీనాన్ పుట్టిన వెలుగును మింగేస్తుంది. వార్సాలోని పరిశోధకులు జీనాన్ చుట్టూ హీలియంను వదిలి ధార చెదరకుండా కట్టడి చేశారు. హీలియం ఈ వెలుగును చాలా తక్కువ పీల్చుకుంటుంది. నాకు బాగా నచ్చిన ఉపాయం ఇది.

ద్రవధారను నాజిల్‌కు దూరంగా కొట్టవచ్చు. అయితే సాధారణ పీడనంలో జీనాన్ మైనస్ 112 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, మైనస్ 108 దగ్గర మరుగుతుంది. ఆ కాస్త ఎడంలోనే దాన్ని నిలపాలి.

ధార సంగతి ఇంట్లోనే చూడండి. ఈసారి కుళాయి వచ్చినప్పుడు బాగా సన్నగా తిప్పండి. పైన గాజు కడ్డీలా నున్నగా ఉన్న నీరు కింద వణికి చుక్కలుగా తెగుతుంది. ఒకచోట తెగాక, ధార వ్యాసానికి దాదాపు నాలుగున్నర రెట్ల ఎడంలో మళ్లీ తెగుతుంది. 30 మైక్రాన్ల ధారకు సుమారు 135 మైక్రాన్లు. లేజరును తెగకముందు కొట్టాలా, చుక్కను కొట్టాలా అన్నది ముందే తేల్చుకోవాలి. చుక్కనైతే పల్సు, చుక్క ఒకే క్షణానికి అక్కడికి చేరాలి.

అభ్యాసం: కార్బన్ డయాక్సైడ్ లేజరు తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు. సందిగ్ధ సాంద్రత తరంగదైర్ఘ్యపు వర్గానికి విలోమంగా మారుతుంది. పై వాయువు లెక్కను దీనితో మళ్లీ వేసి, వాయువు హద్దు దాటుతుందో లేదో రాయండి. వచ్చే పాఠంలో తగరపు చుక్కలు.