నల్లమద్దా, తెల్లమద్దా? పోల్చుకునే విధానం

మద్ది, తాని, కరక చెట్లన్నీ వృక్షశాస్త్రం ప్రకారం టెర్మినేలియా అనే ఒకే ప్రజాతికి చెందినవి కావడం వల్ల, ఆకు ఒక్కటే చేతిలో పట్టుకొని పేరు తేల్చబోయేవారు తరచూ పొరబడుతుంటారు. ముందు చెట్టు నిలిచిన చోటు, తరువాత బెరడు, చివరగా కాయ చూడడం మేలు.

వాగు ఒడ్డున, నున్నటి బూడిదరంగు మానుతో, పలుచని పెచ్చులు ఊడిన చోట లేత గులాబీ ఛాయ కనబడుతూ ఉండేది తెల్లమద్ది. దీన్నే ఏరుమద్ది అని కూడా అంటారు. మెరక నేలలో, కొండవాలులో, నల్లని బెరడు నిలువునా అడ్డంగా లోతుగా పగిలి మొసలి వీపులా గరుకుగా ఉంటే అది నల్లమద్ది. ఈ చెట్టు మానులో కొన్నిసార్లు నీరు నిల్వ ఉంటుంది. 2024 వేసవిలో పాపికొండల అడవిలో అటవీ సిబ్బంది ఒక నల్లమద్ది బెరడుకు గాటు పెట్టగా నీరు ధారగా చిమ్మింది. అక్కడి గిరిజనులైన కొండరెడ్లకు మాత్రం ఇది ముందునుంచీ తెలిసిన సంగతే.

లేత చెట్లలో బెరడు ఇంత స్పష్టంగా తేడా చూపదు. అప్పుడు దగ్గరలోని పెద్ద చెట్టు కింద రాలిన ఎండుకాయను ఏరి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. రెండు మద్దుల కాయలకూ అయిదేసి రెక్కలుంటాయి. నల్లమద్ది రెక్కలు వెడల్పుగా, పలుచగా ఉండి, వాటిపై సన్నని గీతలు అడ్డంగా అంచుదాకా నేరుగా సాగుతాయి; తెల్లమద్ది రెక్కలు ఇరుకుగా, దళసరిగా ఉండి, గీతలు పైకి వంపు తిరుగుతాయి. నా దృష్టిలో ఇంతకంటే నమ్మదగిన గుర్తు లేదు.

తాని, కరక కాయలకు అసలు రెక్కలే ఉండవు. తానికాయ దాదాపు గుండ్రంగా, బూడిదరంగు నూగుతో ఉంటుంది. కరక్కాయ కోలగా ఉండి, ఎండినప్పుడు దానిపై అయిదు గట్లు తేలుతాయి. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు గుడ్డను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన ద్రావణంలో నానబెట్టిన తరువాతే కలం పడతారు.

నల్లమద్ది కలప దూలాలకు, బండి పనులకు వాడుకలో ఉంది. తెలంగాణలోని చెన్నూరు, మహదేవపూర్ ప్రాంతాల్లో దసలి (టస్సర్) పట్టుపురుగులను పెంచేది మద్ది చెట్లపైనే. ఆయుర్వేదంలో గుండెకు సంబంధించి చెప్పే బెరడు మాత్రం తెల్లమద్దిది. వైద్యుడు రాసిన మందులు మాని దీనిని వాడడం ప్రమాదకరం.

బెరడు సేకరించదలచినవారు సొంత పొలంలోని చెట్టు నుంచే, ఒకే పక్కన, పైపొర మాత్రమే తీయాలి. మాను చుట్టూ వలయంగా ఒలిస్తే ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్లకు చేరక చెట్టు ఎండిపోతుంది. తీసిన బెరడును నీడన ఆరబెట్టి, ఏ చెట్టుదో చీటీ రాసి ఉంచాలి. ముక్కలైపోయాక ఏది ఏదో చెప్పడం అనుభవజ్ఞులకూ కష్టమే.