ఇంటివాళ్ల జీవితాలు రాద్దాం – నాలుగో పాఠం: ఏడాదుల పట్టీ

ఇప్పటివరకు నోటుబుక్కు సిద్ధం చేసుకోవడం, పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగడం, పాత ఫొటోల వెనక పేర్లు రాయడం నేర్చుకున్నాం. మీ దగ్గర ఈపాటికి చాలా ముక్కలు పోగై ఉంటాయి. ఈ వారం వాటిని ఒక పెద్ద కాగితం మీద పరుద్దాం. చార్టు కాగితం ఒకటి కొనుక్కోండి, చిన్న కాగితం సరిపోదు.

పట్టీ గీయడం తేలికే. పైన అడ్డంగా ఇంట్లోవాళ్ల పేర్లు, ఎడమవైపు నిలువుగా సంవత్సరాలు. ప్రతి గడిలో రెండే సంగతులు: ఆ ఏడాదికి ఆ మనిషి వయసు, అప్పుడు చేస్తున్న పని. ఎక్కువమంది వయసు రాయడం మరిచిపోతారు. దయచేసి మరవకండి, ఈ పాఠమంతా దానిమీదే ఆధారపడి ఉంది.

మొదటిసారి సొంత ఇంటిమీద చెయ్యొద్దు. ప్రేమో, పాత కోపమో చేతికి అడ్డుపడుతుంది. అందుకే సాధనకు ఒక పరాయి కుటుంబాన్ని తీసుకుంటున్నాను. అమెరికా దక్షిణాదిలో, జార్జియా రాష్ట్రంలోని ప్లెయిన్స్ అనే చిన్న ఊరి కార్టర్లు. అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ పేరు మీకు తెలుసు. మిగతావాళ్ల పేర్లు తెలియకపోవచ్చు, ఈ కుటుంబాన్ని ఎంచుకున్నది అందుకే. ఇంట్లో ఒక్కరు పెద్ద పేరు తెచ్చుకుంటే మిగిలినవాళ్లు "ఆయన తమ్ముడు", "ఆయన అక్క"గా మిగిలిపోతారు. మన ఇళ్లలోనూ ఒక కలెక్టరో, ఒక డాక్టరో ఉంటే జరిగేది ఇదే.

పేర్లు రాసుకోండి. తండ్రి ఎర్ల్, 1894లో పుట్టారు. తల్లి లిలియన్, 1898. పిల్లలు నలుగురు: జిమ్మీ 1924, గ్లోరియా 1926, రూత్ 1929, బిల్లీ 1937. జిమ్మీ భార్య రోజలిన్, 1927. ఇప్పుడు 1953 దగ్గర అడ్డంగా ఒక గీత గీయండి.

ఆ ఏడాది జూలైలో ఎర్ల్ క్లోమ క్యాన్సర్‌తో పోయారు. ఆయనకు 58. వేరుశనగ, పత్తి పండించేవారు, దుకాణం నడిపేవారు. అంతకుముందు ఏడాదే జార్జియా శాసనసభకు ఎన్నికయ్యారు. ఆ వరుసలో మిగతా గడులు నింపండి. లిలియన్‌కు 54. జిమ్మీకి 28, నౌకాదళంలో అణు జలాంతర్గాముల పనిలో ఉన్నారు. రోజలిన్‌కు 25. గ్లోరియాకు 26, రూత్‌కు 23. బిల్లీకి పదహారు.

కాసేపు ఆ వరుసనే చూస్తూ కూర్చోండి. ఒక రైతు చనిపోతే ఎన్ని బతుకులు దారి మళ్లాయో కనిపిస్తుంది. జిమ్మీ నౌకాదళం వదిలి పొలం, వేరుశనగ గోడౌను చూసుకోవడానికి ఊరికి తిరిగొచ్చారు. వెనక్కి రావడం రోజలిన్‌కు ఏమాత్రం ఇష్టం లేదు. వచ్చాక కాపురం ప్రభుత్వం కట్టించిన చవక ఇంట్లో. కొన్నాళ్లకు గోడౌను లెక్కల పుస్తకాలు ఆమె చేతికొచ్చాయి. తర్వాత అధ్యక్షుడి భార్యగా మంత్రివర్గ సమావేశాల్లో కూర్చుని నోట్సు రాసుకున్నదీ, 1979లో మానసిక ఆరోగ్యం గురించి సెనేట్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పినదీ ఈవిడే. ఆమె పేజీ వైట్‌హౌస్‌తో మొదలుపెడితే ఆ గోడౌను ఏళ్లు మాయమవుతాయి.

మరి బిల్లీ? పదహారేళ్లకు తండ్రి లేడు. పన్నెండేళ్లు పెద్దవాడైన అన్న వచ్చి తండ్రి కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్రాడికి ఎలా ఉండి ఉంటుంది? పట్టీ జవాబు చెప్పదు, ప్రశ్న మాత్రం మన ముందు పెడుతుంది. ఇలాంటి ప్రశ్నలు వచ్చినప్పుడు గడి పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి. ఊహించి రాయొద్దు.

ఇప్పుడు ఒక్క నిలువు వరుసను పట్టుకుని పేజీగా రాద్దాం. లిలియన్‌ది తీసుకుంటున్నాను. నేను రాస్తే ఇలా ఉంటుంది:

"లిలియన్ గోర్డీ 1898 ఆగస్టు 15న జార్జియాలోని రిచ్‌లాండ్‌లో పుట్టారు. అట్లాంటాలోని గ్రేడీ ఆసుపత్రిలో నర్సు చదువు ముగించిన 1923లోనే ఎర్ల్ కార్టర్‌తో పెళ్లయింది. నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒక బల్లకు కూర్చుని తినని ఆ రోజుల్లో నల్లవాళ్ల ఇళ్లకు వెళ్లి రోగులను చూసేవారు. పొరుగింటి రోజలిన్ పుట్టినప్పుడు నర్సుగా పక్కనున్నది ఆమే. రోజలిన్‌కు పదమూడేళ్లప్పుడు తండ్రి మంచాన పడితే చివరిదాకా సేవ చేసిందీ ఆమే. భర్త పోయాక అబర్న్ యూనివర్సిటీలో కుర్రాళ్ల హాస్టల్‌కు కొన్నేళ్లు పెద్దదిక్కుగా ఉన్నారు. 1966లో, 68 ఏళ్ల వయసులో, అమెరికా ప్రభుత్వం వేరే దేశాలకు సేవకు పంపే పీస్ కోర్‌లో వాలంటీరుగా బొంబాయి దగ్గరి విక్రోలికి వచ్చి దాదాపు రెండేళ్లు పనిచేశారు. మొదట కుటుంబ నియంత్రణ పని, తర్వాత క్లినిక్‌లో రోగుల సేవ."

ఇందులో "దయామయి", "ఆదర్శమూర్తి" లాంటి మాటలు ఎక్కడా లేవు, గమనించండి. పని, చోటు, వయసు రాస్తే చాలు, ఆమె ఎలాంటి మనిషో చదివేవాళ్లకు అర్థమవుతుంది. 68 అనే అంకె లేకుండా ఆ విక్రోలి వాక్యం చదివి చూడండి. సగం బలం పోతుంది. అదే 1966లో ఆమె పెద్ద కొడుకు గవర్నరు పదవికి పోటీపడి ఓడిపోయారు. అడ్డు వరుస చూడకపోతే ఈ రెండూ ఒక్క ఏడాదివని నాకు తట్టేదే కాదు.

కూతుళ్ల పేజీలు చిన్నవే. గ్లోరియా ఒక రైతును పెళ్లాడి ప్లెయిన్స్ దగ్గరే ఉండిపోయారు. హార్లీ డేవిడ్సన్ మోటారుసైకిలంటే ప్రాణం. ఆమె సమాధి రాయి మీద కూడా హార్లీ పేరుంది. రూత్ క్రైస్తవ ప్రచారకురాలిగా ఊరూరా తిరిగి ప్రసంగించారు.

తడబడేది బిల్లీ దగ్గరే. మెరైన్ దళంలో పనిచేశారు, గోడౌను చూసుకున్నారు, ఊళ్లో పెట్రోలు బంకు నడిపారు. అన్న అధ్యక్షుడిగా గెలిచిన 1976లోనే ప్లెయిన్స్ మేయరుగా పోటీచేసి ఓడిపోయారు. తన పేరుతో బీరు అమ్మించారు. లిబియా ప్రభుత్వం నుంచి 2,20,000 డాలర్లు అప్పుగా తీసుకున్నందుకు 1980లో సెనేట్ విచారణ ఎదుర్కొన్నారు. తాగుడు మానడానికి చికిత్స తీసుకున్నారు. 1988లో, 51 ఏళ్లకు పోయారు.

ప్రతి ఇంట్లో ఇలాంటివాళ్లు ఒకరుంటారు. ఆ పేజీ దాచేయాలనిపిస్తుంది. దాచొద్దని నా గట్టి అభిప్రాయం. అలాగని అప్పు, తాగుడు మాత్రమే రాసి ఊరుకోవద్దు. పెట్రోలు బంకు రాయండి, చికిత్సకు వెళ్లిన సంగతి రాయండి. బతికున్నవాళ్ల విషయమైతే వాళ్లను అడిగి, ఒప్పుకుంటేనే రాయండి.

జబ్బుల గురించి ఒక మాట. ఎర్ల్‌లాగే రూత్ 1983లో, బిల్లీ 1988లో, గ్లోరియా 1990లో క్లోమ క్యాన్సర్‌తోనే పోయారు. రూత్ పోయిన నెలకే తల్లి లిలియన్ కూడా పోయారు. జిమ్మీ మాత్రం 2024 డిసెంబరులో, నూరేళ్లు నిండాక కన్నుమూశారు. మీ పట్టీలో జబ్బులకు విడిగా ఒక వరుస పెట్టండి, పిల్లలకు, వాళ్ల డాక్టర్లకు పనికొస్తుంది. పేజీని మాత్రం ఆసుపత్రి ఫైలు చేయకండి.

ఇంకో రెండు నిలువు వరుసలు ఖాళీగా ఉంచమంటాను. కార్టర్ల పొలంలో తెల్లవారకముందే గంట కొట్టి కూలీలను లేపిన మేస్త్రీ జాక్ క్లార్క్, నల్లజాతివాడు. ఆయన భార్య రేచల్ క్లార్క్ జిమ్మీకి చిన్నప్పుడు మరో తల్లిలాంటిది. వీళ్లు వంశవృక్షంలో ఉండరు. ఎర్ల్ ఆ ఊరి తెల్లవాళ్లలాగే జాతుల వేర్పాటును సమర్థించిన మనిషి, అదీ రాయాల్సిందే. మన ఇళ్ల పాలేర్లు, పనిమనుషులు, మంత్రసానుల పేర్లు ఎంతమందికి గుర్తున్నాయి? ఆ రెండు వరుసలు వాళ్లవి.

ఇక సొంత ఇల్లు. పెద్దవాళ్లకు సంవత్సరాలు గుర్తుండవు, సంఘటనలు గుర్తుంటాయి. "ఏ సంవత్సరం తాతయ్యా?" అని అడిగితే ఇబ్బంది పడతారు. "దివిసీమ ఉప్పెనకు ముందా, తర్వాతా?" అని అడగండి, వెంటనే చెప్తారు. అది 1977. తెలంగాణలో పోలీసు యాక్షన్ అంటే 1948, మొదటి తెలంగాణ ఉద్యమం అంటే 1969. ఈ మూడూ ముందే పట్టీ అంచున ఎర్రసిరాతో రాసి పెట్టుకోండి, మీ ఊరి కరువో, చెరువు తెగిన ఏడో తెలిస్తే అదీ చేర్చండి.

ఆడవాళ్ల దగ్గర "ఏం పని చేసేదానివి అమ్మమ్మా?" అని అడగొద్దు. "ఏం పనే, ఇంట్లోనే ఉండేదాన్ని" అంటారు. మా నాయనమ్మ పేజీలో నేను మొదట రాసిందీ ఆ ఒక్క మాటే. మా తాత పేజీలో బదిలీలతో సహా పద్నాలుగు పంక్తులు. తర్వాత "పొద్దున లేవగానే మొదట ఏం ముట్టుకునేదానివి?" అని అడిగాను. పాలచెంబు అంది. నాలుగు గేదెలు, పదకొండు ఇళ్లకు వాడిక పాలు, నెలాఖరు లెక్కలు గోడమీద బొగ్గుగీతలతో. మా నాన్న కాలేజీ ఫీజు ఆ గీతల్లోంచి కట్టారట. నాకు అప్పుడు నలభై ఏళ్లు, అంతవరకు తెలియదు.

ఈ వారం పని: మీ ఇంట్లో ఒక చావో, ఒక పెళ్లో, ఒక ఊరు మారడమో జరిగిన ఏడాది ఎంచుకోండి. అడ్డంగా గీత గీసి అందరి వయసులూ నింపండి. తర్వాత ఆ వరుసలో అందరికంటే చిన్నవాళ్ల దగ్గర ఆగి, వాళ్ల పేజీ ఎనిమిది వాక్యాల్లో రాయండి. వాళ్లు బతికుంటే రాసింది చదివి వినిపించి, తప్పులు దిద్దించుకోండి. ఐదో పాఠంలో ఉత్తరాలు, రేషను కార్డులు, పాత పాసుబుక్కుల్లోంచి తేదీలు ఎలా పట్టుకోవాలో చూద్దాం. పట్టీ మడతపెట్టకుండా చుట్టి ఉంచండి, అప్పుడు మళ్లీ కావాలి.