పాత మండువా లోగిలిని నిలబెట్టుకోవడం ఎలా?

గోదావరి, కృష్ణా డెల్టా ఊళ్లలో మిగిలిన మండువా లోగిళ్లలో, అంటే నడుమ ఆకాశం కనిపించే మండువా చుట్టూ గదులుండే పాత పెంకుటిళ్లలో, ఒక్కదాన్నయినా కాపాడాలనుకునేవారు ముందుగా సంఘంగా ఏర్పడాలి. 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులుంటే చాలు. ఆ వెంటనే ఇంటి వారసులందరి అంగీకారాన్ని రాతపూర్వకంగా తీసుకోవాలి. అన్నదమ్ముల్లో ఒక్కరు కాదన్నా పని మధ్యలో ఆగిపోతుంది. మీ దగ్గరలో ఇంటాక్ శాఖ ఉంటే వారి సలహా కూడా తీసుకోండి. 1984లో ఏర్పడిన ఆ సంస్థ పనే వారసత్వ కట్టడాల పరిరక్షణ.

మరమ్మతుకు చేయి వేసే ముందే గదుల కొలతలు, ద్వారబంధాల చెక్కడాలు, గోడల్లోని గూళ్లు అన్నింటినీ ఫొటోలతో సహా నమోదు చేయాలి. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన పెద్దవాళ్లను కూర్చోబెట్టి, పురుటి గది ఏదో, ధాన్యం గాదె ఎక్కడుండేదో, వీధి అరుగు మీద ఎవరెవరు చేరేవారో వారి మాటల్లోనే రికార్డు చేయండి. ఈ ఒక్క పనిని మాత్రం వాయిదా వేయవద్దని నా మనవి.

ఆ తరువాత చూడవలసింది కప్పు. మండువాలో నాలుగు వైపుల కప్పులూ లోపలికే వాలి ఉంటాయి కాబట్టి, రెండు వాలులు కలిసే మూలల్లోకి వాన నీరు చేరుతుంది. అక్కడి రేకు తుప్పుపట్టినా, పెంకు జరిగినా, ఆ నీరు దూలం వెంట దిగి, గోడలో ఇమిడి ఉన్న దాని కొసను ఎవరి కంటా పడకుండా కుళ్లబెడుతుంది. పైన రంగు నిగనిగలాడుతున్నా నమ్మకుండా దబ్బనంతో గుచ్చి చూడాలి. మంచి టేకులో మొన దిగదు. మెత్తగా దిగిపోతే, చెడిన మేరకే కోసి కొత్త టేకు అతికించగల వడ్రంగిని వెతకండి. దూలమంతా మార్చే తొందర వద్దు.

పాత గోడకు సిమెంటు పూత ఎంతమాత్రం వేయించకూడదు. సున్నపు గోడ నేలలోంచి పీల్చుకున్న చెమ్మను గాలికి వదిలేస్తుంది. సిమెంటు పూస్తే ఆ చెమ్మ లోపలే చిక్కుకుని, ఉప్పు పొక్కులు లేచి, ఇటుక పొడిపొడిగా రాలిపోతుంది. సున్నం, ఇసుక గానుగలో నూరి, కరక్కాయ నానిన నీరు, బెల్లం కలిపే పద్ధతి తెలిసిన మేస్త్రీకి పని అప్పగించి, ముందు ఒక మూల గజం మేర పూయించి చూడండి. ఈ పూత నిదానంగా గట్టిపడుతుంది కనుక రోజుల తరబడి తడుపుతూ ఉండాలి.

బాగుచేసిన ఇంటిని తాళం వేసి ఉంచితే చెదలు పడుతుంది. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం ఇల్లు, విజయనగరంలో గురజాడ అప్పారావు ఇల్లు స్మారకాలుగా నిలిచాయి. అంతటి పేరున్నవారు నివసించని ఇల్లయితే గ్రంథాలయానికో, సంగీత పాఠాలకో, ఊరి పాత ఫొటోల ప్రదర్శనకో ఇవ్వవచ్చు. ఏటా రోహిణి కార్తెలోనే పెంకులు సర్దించి, మండువా తూము పూడిక తీయించే ఖర్చును సంఘం లెక్కల్లో మొదటి పద్దుగా రాసుకోవాలి.