పెళ్లి ముహూర్తం చూసి బరువు తగ్గే ఆపరేషన్ పెట్టుకోకండి

2024 ఏప్రిల్‌లో పుదుచ్చేరికి చెందిన 26 ఏళ్ల కుర్రాడు బరువు తగ్గే ఆపరేషన్ కోసం చెన్నైలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లి మళ్లీ ఇంటికి రాలేదు. అలాంటి వార్త విన్న రెండు రోజులు అందరం భయపడతాం, పెళ్లిళ్ల సీజన్ దగ్గరపడగానే మళ్లీ అదే మాట: "నాలుగు నెలల్లో అమ్మాయి పెళ్లండీ, ఈలోపు చేయించేస్తే సన్నబడుతుందా?"

సన్నబడుతుంది. అయినా ఇప్పుడు చేయించకండి. షుగరుతో, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బుతో నలిగినవాళ్లు ఈ ఆపరేషన్‌తో కోలుకోవడం నేను చూశాను, దాని మీద నాకు కోపం లేదు. నా భయమంతా ఆ తేదీ గురించే.

మా పిన్ని కూతురు 160 సెంటీమీటర్ల ఎత్తు, 98 కిలోలు, అంటే బీఎమ్ఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 38, పైగా షుగరు. ఆపరేషన్‌కి అన్నివిధాలా అర్హురాలే. కానీ పెళ్లికి నాలుగు నెలల ముందు చేయించి, అత్తవారికి చెప్పలేదు. సరిగ్గా పెళ్లినాటికి జుట్టు రాలడం మొదలైంది (మూడు నుంచి ఆరు నెలల మధ్య చాలామందికి రాలుతుంది). కొత్త కోడలని అందరూ కొసరి కొసరి వడ్డిస్తే కాదనలేక తినడం, కక్కుకోవడం. ఎవరైనా చూస్తారని విటమిన్ మాత్రలు మానేసింది. మూడు వారాల వాంతుల తర్వాత పక్కనున్న నర్సింగ్ హోమ్‌లో గ్యాస్ అనుకుని సెలైన్ ఎక్కించారు, ఆపరేషన్ జరిగిందని వాళ్లకెవరు చెప్పారు? చూపు రెండుగా కనబడి, నడక తూలింది. బీ1 విటమిన్ లోపం. ఏడాది దాటినా ఇప్పటికీ గోడ పట్టుకునే నడుస్తోంది.

అర్హత సంగతి: 2022లో మారిన అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం బీఎమ్ఐ 35 దాటితే, మన ఆసియావాళ్లకైతే 27.5 నుంచే ఆలోచించవచ్చు. ఇన్సూరెన్స్ మాత్రం మామూలుగా 40, లేదా తీవ్రమైన జబ్బులుంటే 35 అడుగుతుంది.

ఆపరేషన్ సంగతి: స్లీవ్ అనే పద్ధతిలో జీర్ణాశయం 75-80 శాతం కోసి తీసేస్తారు, మళ్లీ అతికించడం కుదరదు. గుండెల్లో మంట ఉన్నవాళ్లకి అది స్లీవ్‌తో ఎక్కువ కావచ్చు, ముందే ఎండోస్కోపీ అడగండి.

మందుల సంగతి: మౌంజారో లాంటి బరువు తగ్గించే ఇంజెక్షన్లు 2025 నుంచి మన దగ్గరా దొరుకుతున్నాయి. వాటి గురించి ఎండోక్రైనాలజిస్టుతో (హార్మోన్ల డాక్టరు) మాట్లాడాకే సర్జన్ దగ్గరికి వెళ్లండి.

ఇక వరసగా చెప్తాను.

పెళ్లి తేదీ చూసి ఆపరేషన్ పెట్టుకోవద్దు.

అమెరికా నుంచి మూడు వారాల సెలవు మీద వచ్చి హైదరాబాద్‌లో చేయించుకుని విమానం ఎక్కడం కూడా అదే తప్పు. కుట్టు దగ్గర లీకైతే తెలిసేది ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే, ఆ తర్వాత మూడో నెల, ఆరో నెల పరీక్షలు ఎవరు చూస్తారు?

ఆపరేషన్ అయ్యాక 12 నుంచి 18 నెలల వరకు గర్భం రాకూడదు. బరువు తగ్గుతుంటే గర్భం తొందరగా నిలుస్తుంది, పెళ్లి పెట్టుకున్నవాళ్లు ఇదొక్కటి ఆలోచించినా తేదీ మార్చుకుంటారు.

సిగరెట్ ఆరు వారాల ముందే ఆపాలి. ఆపలేకపోతే ఆపరేషన్ వద్దు.

బీ12, ఐరన్, కాల్షియం, డి జీవితాంతం. "బాగానే ఉన్నాను కదా" అని మానొద్దు.

నొప్పి మాత్రలు సొంతంగా మింగొద్దు, ముఖ్యంగా బైపాస్ (గుండెది కాదు, తిండిని పేగులోకి దారి మళ్లించే ఇంకోరకం బరువు ఆపరేషన్) అయినవాళ్లు. పుండ్లు పడతాయి.

జ్వరం, ఆయాసం, ఎడమ భుజంలో నొప్పి, నాడి 120 దాటడం: తెల్లారేదాకా ఆగొద్దు, ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లండి.

లైపోసక్షన్ (చర్మం కింద కొవ్వు పీల్చేయడం) వేరు, ఇది వేరు. రెండూ ఒకటే అని చెప్పేవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

మళ్లీ చెప్తున్నాను, ముహూర్తానికి ముందు వద్దు. సంబంధం కుదిరాక అసలు వద్దు. ఇప్పటికే అయిపోయి ఉంటే పెళ్లికి ముందే అవతలివాళ్లకి చెప్పండి, మాత్రలు అందరి ముందూ వేసుకోండి. ఏ ఆపరేషన్, ఏ తేదీన జరిగిందో రాసిన చీటీ పర్సులో పెట్టుకోండి, వాంతులతో ఎక్కడ చేరినా సెలైన్ పెట్టకముందే దాన్ని డాక్టరు చేతిలో పెట్టి బీ1 ఇంజెక్షన్ గురించి అడగండి.